కస్ముది పిట్టలమేడలో దీపం

తెగల్‌వరు ఊళ్ళో సందెవేళ నమాజు పిలుపు వినబడ్డాక కస్ముది పిట్టలమేడ వైపు ఎవరూ పోరు. తప్పనిసరై పోవాల్సి వస్తే ఉప్పుమడుల గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతారు. కాళ్ళు నొప్పి పుట్టినా సరే.

మేడంటే మనుషులుండే మేడ కాదు. మూడంతస్తుల సిమెంటు గోడలు, ఒక్క కిటికీ లేదు, పైన మాత్రం పిట్టలు దూరడానికి నల్లటి కంత. ఉమ్మితో గూడు కట్టే పిట్టల కోసం కట్టిన ఇల్లు అది. ఆ గూళ్ళను చైనా వాళ్ళు సూపు కాచుకుని తాగుతారు, అందుకని వాటి ధర ఆకాశంలో ఉంటుంది. పిట్టల్ని పిలవడానికి కంత దగ్గర స్పీకరు పెడతారు. పొద్దస్తమానం అందులోంచి కిచకిచలు వస్తుంటాయి.

కస్ముది మేడలోనూ వచ్చేవి. పిలుపులే తప్ప ఆ ఉమ్మిగూటి పిట్ట ఒక్కటీ రాలేదు... చివరికి విసుగెత్తి స్పీకరు పీకి అవతల పారేశాడు.

పీకేశాక కూడా రాత్రిళ్ళు లోపల్నుంచి సన్నగా ఏదో వినబడుతోందని మొదట ఒకరన్నారు. కంతలో వెలుగు కదిలిందని ఇంకొకరన్నారు. ఒక ముసలామె అయితే, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఆ గోడలోకి నడిచిపోవడం కళ్ళారా చూశానంది. ఆమెకు పట్టపగలే మనిషి ఆనడు. కానీ ఇలాంటి విషయాల్లో కంటిచూపు గురించి ఎవరడుగుతారు?

అలా ఆ మేడకు పేరు పడింది. పడ్డ పేరు ఎవరు చెరపగలరు.

కస్ముదికి మాత్రం దెయ్యం భయం కంటే పెద్ద రోగం ఒకటుంది. దాని పేరు పైమిన్.

పైమిన్ అతని తోడల్లుడు. అక్క లస్మిని కస్ముది పెళ్ళాం, చెల్లెలు తురీనా పైమిన్ పెళ్ళాం. కస్ముది పుట్టిన దగ్గర్నుంచి ఊరు దాటి ఎరగడు. పైమిన్ తైవాన్ చేపల పడవల మీద ఏళ్ళ తరబడి తిరిగి, నాలుగు ఊళ్ళ నీళ్ళు తాగి వచ్చి, ఆ సంపాదనతో ఊరి చివర పిట్టలమేడ కట్టాడు. పునాదులు తవ్వుతుంటే అందరికంటే ఎక్కువ నవ్వింది కస్ముదే. మనుషులకే ఇళ్ళు లేవు, వీడు పిట్టలకు కడుతున్నాడన్నాడు. ఏడాది తిరక్కుండానే ఆ మేడలో దూలాల నిండా గూళ్ళు వేలాడాయి. పైమిన్ గూళ్ళ సంచీ పట్టుకుని బస్సెక్కి సెమరాంగ్ పట్నం వెళ్ళడం, వచ్చేటప్పుడు తురీనాకు కొత్త పట్టు తేవడం మొదలయ్యాయి.

అప్పుడు కస్ముది నవ్వడం మానేశాడు. మామగారిచ్చిన వరిపొలం అమ్మేశాడు. లస్మిని ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. వినలేదు. పైమిన్ మేడ కంటే ఒక అంతస్తు ఎక్కువ ఉండేలా తనూ ఒకటి కట్టించాడు.

దాంట్లోకి సెరితి పిట్టలు మాత్రం వచ్చి చేరాయి. అవి కట్టేది గడ్డిగూడు. దాన్ని పొయ్యిలో పెట్టుకోవాలి, ఇంకెందుకూ పనికిరాదు.

సాయంత్రమైతే చాలు, కస్ముది గుమ్మంలో కూర్చునేవాడు. సముద్రం వైపు నుంచి పిట్టలు మబ్బులా వచ్చేవి, సరిగ్గా అతని మేడ నెత్తిన ఒక చుట్టు తిరిగేవి — తిరిగి, పైమిన్ మేడలోకి దూరిపోయేవి. రోజూ ఇదే. రోజూ చూసేవాడు. చూడకుండా ఉండలేకపోయేవాడు. పళ్ళెంలో అన్నం చల్లారిపోయేది.

పైమిన్ ఒకసారి తనంతట తానే వచ్చాడు. ఏదైనా చెయ్యి సాయం కావాలంటే చెప్పమన్నాడు. నీ మిగులు నాకు అక్కర్లేదు, గుమ్మం దిగమన్నాడు కస్ముది. ఆ రాత్రి లస్మిని, పైమిన్ మనసు మంచిదని ఒక్క మాట అంది పాపం. అంతే, ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. తన పెళ్ళాం వాణ్ణి మెచ్చుకుంది!

ఆ ఊళ్ళో రాత్రి గస్తీ మగవాళ్ళందరికీ వంతులవారీగా వస్తుంది. ఇంటింటికీ గుమ్మం పక్కన చిన్న డబ్బా వేలాడుతూ ఉంటుంది, అందులో ఆ ఇంటివాళ్ళు గుప్పెడు బియ్యం పోస్తారు. గస్తీవాళ్ళు అవి పోగేసుకుంటూ ఊరంతా తిరుగుతారు. ఒక రాత్రి కస్ముది వంతు వచ్చింది. జత వగియో. వయసులో పెద్ద, నోట్లో నాలుక ఒకచోట నిలవని మనిషి.

పైమిన్ ఇంటి డబ్బాలో బియ్యం ఎప్పటిలాగే పొంగి కిందికి రాలుతున్నాయి. కస్ముది ఆ డబ్బాను విదిలించిన తీరు చూసి వగియో గొంతు తగ్గించాడు.

"ఒరే కస్ముదీ... ఇది కష్టపడితే వచ్చిన కలిమంటావా?"

కస్ముది బియ్యం సంచీలోకి వంపుకున్నాడు. వగియోకు ఎదుటివాళ్ళు మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. గస్తీ పాకలో కాఫీ పోసుకుని మొదలుపెట్టాడు. వాళ్ళ తాతల నాటి సంగతి. డబ్బు పిచ్చి పట్టినవాడు నల్లగుడ్డ కప్పుకుని పందిగా మారిపోతాడట. చీకట్లో ఇళ్ళ గోడలకు వీపు రుద్దుకుంటూ పోతే, ఆ ఇళ్ళలో డబ్బంతా వాడి ఇంటికి నడిచి వెళ్ళిపోతుందట. వాడు తిరిగొచ్చే దాకా పెళ్ళాం నీళ్ళ పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి, కన్నార్పకుండా దాని ముందు కూర్చోవాలి. దీపం వణికితే మొగుడికి ఆపద. దీపం ఆరిందా —

"ఆరితే?" అన్నాడు కస్ముది.

"పందిగానే ఉండిపోతాడు. లేదా ప్రాణం పోతుంది. ఆ దీపంలోనే కదరా వాడి ప్రాణం ఉండేది."

ఎక్కడో కుక్క ఒకటి ఊళ పెట్టి ఆగిపోయింది. వగియో కాఫీ గ్లాసు నోటి దాకా ఎత్తి... అలాగే ఉండిపోయాడు.

ఉప్పుమడుల అవతల, కస్ముది మేడ పైకంతలో... వెలుగు.

పసుపుపచ్చగా, సన్నగా. ఒకసారి వణికింది. నిలబడింది.

వగియో పెదాలు ప్రార్థన మొదలుపెట్టాయి. తను రానని, పాకలో వేలాడే చెక్కడోలు వాయించి నలుగుర్నీ లేపుదామని గొణిగాడు. కస్ముది అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ వెలుగు దెయ్యానిది కాదని అతనికి అప్పటికే రూఢి అయిపోయింది. దెయ్యానికి కొవ్వొత్తెందుకు? ఊరంతా భయపడి దగ్గరికి రాని చోటు చూసుకుని, తన మేడలోనే, తన గోడల మధ్యే కూర్చుని, తన అదృష్టాన్నే పైమినూ వాడి పెళ్ళామూ తోడుకుపోతున్నారన్నమాట. పిట్టలు ఎందుకు రావడం లేదో ఇన్నాళ్ళకు తెలిసింది!

మీకూ నాకూ ఇది పిచ్చిగా కనిపిస్తుంది. కడుపు మండుతున్నవాడికి అంతకంటే సూటైన లెక్క ఇంకోటి ఉండదు.

గట్టు మీద ఒంటరిగా నడిచాడు. పొద్దున్నే ఊరంతా పోగై పంది ముట్టె వేసుకున్న పైమిన్‌ను చూస్తుంటే తురీనా ఆ కొత్త పట్టు ఎక్కడ దాచుకుంటుందో... ఆ ఊహకు అతనికి నవ్వు కూడా వచ్చింది. పైమిన్ చచ్చిపోవాలని మాత్రం కోరుకోలేదని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. కోరుకున్నాడో లేదో అతని లోపలికే తెలియాలి.

మేడ తలుపు తాళం తీసి ఉంది. తాళంచెవి తన ఇంట్లో మేకుకు ఉండాలి కదా, ఇక్కడికెలా వచ్చిందన్న ఆలోచన కూడా రాలేదు.

లోపల పిట్టల రెట్ట కంపు. ఉక్క. చిక్కటి చీకటి, మధ్యలో అరచేయంత వెలుగు. పళ్ళెంలో నీళ్ళు. నీళ్ళ మధ్య కొవ్వొత్తి...

దాని ముందు ఒక ఆడమనిషి.

వీపు ఇటు. జుట్టు విరబోసి ఉంది. కదలడం లేదు. దీపం మీద నుంచి చూపు తిప్పడం లేదు.

వగియో చెప్పింది చెప్పినట్టే ఉంది! పిల్లిలా అడుగు తీసి అడుగు వేశాడు. పైనుంచి సన్నగా కిర్రుమన్న చప్పుడు... పిట్టలేమో. ఇంకో అడుగు. ఆమె భుజం మీదుగా వంగాడు. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

ఊదాడు.

చీకటి.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత గడ్డిగూళ్ళలోని పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి, రెక్కల చప్పుడు మేడంతా నిండిపోయింది. ఆ చప్పుడులోంచి ఆడగొంతు పైకి కేకేసింది —

"మరిదీ... కదలకు. దీపం పోయింది. ఉన్నచోటే ఉండు."

ఆ గొంతు తురీనాది కాదు. రోజూ తనకు అన్నం పెట్టి పిలిచే గొంతు.

కస్ముది జేబులో లైటరు తడుముకున్నాడు. పైన, చాలా పైన, వెదురు నిచ్చెన ఒకటి గోడ మీద జారింది... గీసుకుంటూ... ఆగి... మళ్ళీ జారింది.

ఆ తర్వాత పడిన చప్పుడు గస్తీ పాకలో ఉన్న వగియోకు కూడా వినబడిందట.

లైటరు వెలిగించేసరికి పైమిన్ సిమెంటు నేల మీద వెల్లకిలా ఉన్నాడు. రొమ్ముకు ఒక కొబ్బరిచిప్ప అదిమి పట్టుకుని ఉన్నాడు. చిప్పలో దూది. దూదిలో చిన్న చిన్న తెల్ల గుడ్లు, ఒకటీ అరా తప్ప అన్నీ చితికిపోయాయి. లస్మిని అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ఉక్క భరించలేక ముసుగు తీసి జుట్టు వదిలేసిందే తప్ప ఆమె దెయ్యమూ కాదు, పంది పెళ్ళామూ కాదు.

వెలుగులో కస్ముది మొహం చూసి పైమిన్ కళ్ళు తేటపడ్డాయి. సాయానికి వచ్చాడనుకున్నాడు.

"వచ్చావా అన్నా... పై దూలం దగ్గర ఇంకొన్ని గూళ్ళు మిగిలాయి. వదినకు అందవు. నువ్వు పెట్టు."

అవే ఆఖరి మాటలు. ఆసుపత్రికి తీసుకెళ్ళే ట్రక్కు రోడ్డెక్కేలోపే ప్రాణం పోయింది.

సంగతంతా తర్వాత తెలిసింది, ఆలస్యంగా తెలిసేవన్నీ తెలిసినట్టే. గడ్డిగూడు కట్టే సెరితి పిట్టకు తన గుడ్డేదో పరాయి గుడ్డేదో తెలియదు. దాని గూట్లో ఉమ్మిగూటి పిట్ట గుడ్డు పెడితే పొదిగి, మేపి, పెద్ద చేస్తుంది. ఆ పిల్ల ఎగిరిపోయినా సందెవేళకు పుట్టిన కప్పు కిందికే తిరిగొస్తుంది, తన జాతివాళ్ళను వెంటేసుకుని. పొలం పోయింది, మొగుడు అన్నం తినడం మానేశాడు, ఎలాగైనా గట్టెక్కించమని లస్మినే మరిది దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. బావకు తెలిస్తే పడనివ్వడని తురీనా అంది. అందుకని కస్ముది గస్తీకి వెళ్ళిన రాత్రులు చూసుకుని, పైమిన్ తన మేడలోని గుడ్లు తెచ్చి ఈ గడ్డిగూళ్ళలో మార్చేవాడు. టార్చి వేస్తే పిట్టలు బెదురుతాయి. దీపం చుట్టూ మూగే పురుగులు నీళ్ళలో పడిపోతాయని కొవ్వొత్తిని పళ్ళెంలో పెట్టేవాళ్ళు. నిచ్చెన మీదున్న మనిషికి ఆ దీపం ఒక్కటే ఆధారం కనక లస్మిని దాని మీంచి చూపు తిప్పేది కాదు.

ఎలా జరిగిందని ఊరు అడిగింది. గాలికి దీపం పోయిందని లస్మిని చెప్పింది. ఊదిన ఊపిరిలో కస్ముది కాల్చే లవంగాల సిగరెట్టు వాసన ఆమె చెంపకు తగిలింది. అయినా గాలే అని చెప్పింది.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం పిట్టల మబ్బు వచ్చి కస్ముది మేడ నెత్తిన ఒక చుట్టు తిరిగింది... అందులోంచి ఒక పాయ విడిపోయి, కంతలోకి దూరింది. మర్నాడు ఇంకో పాయ. చూస్తుండగానే దూలాల నిండా తెల్లటి గూళ్ళు. ఊళ్ళో అంత పెద్ద మేడ, అంత దిగుబడి ఇంకెవరికీ లేదు.

కాఫీ దుకాణంలో వగియో గొంతు మళ్ళీ తగ్గింది. వట్టినే వచ్చే కలిమి కాదట. దెయ్యాలతో బేరం పెట్టుకున్నవాడు ఇంట్లో మనిషిని ఒకణ్ణి బలి ఇచ్చుకోవాలట. తోడల్లుడయితే ఇంట్లో మనిషి కాదా ఏమిటి? కస్ముది గుమ్మంలోకి రాగానే అందరూ గ్లాసుల్లోకి చూశారు. ఒకప్పుడు పైమిన్ గురించి వగియో ఇలాగే గొంతు తగ్గించి చెబితే తను నమ్మాడు. అబద్ధమని గొంతు చించుకుని అరవాలనుకున్నాడు... ఏది అబద్ధమో తేలక, కాఫీ తాగకుండానే వచ్చేశాడు.

మొదటి కోత గూళ్ళలో సగం మూటగట్టి, అక్క ఇంటికొచ్చిన తురీనా ముందు పెట్టాడు. ఆమె మూట వైపు చూడలేదు.

"బావా, ఒక్క మాట చెప్పు. కిటికీ లేని ఇంట్లోకి గాలి ఎలా వచ్చింది?"

కస్ముది తల దించుకున్నాడు. చెప్పేయాలనే అనుకున్నాడు. ఈ ఒక్కసారికి చెప్పేస్తే...

"చెప్పాను కదే, గాలేనని" అంది లస్మిని వంటింట్లోంచి. గొంతులో కోపం లేదు, కన్నీళ్ళు లేవు.

ఆ రాత్రి ఆమె మంచం పక్కన దీపం ఆర్పలేదు. ఆ మర్నాడూ ఆర్పలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో తెల్లవార్లూ దీపం వెలుగుతూనే ఉంటుందట. కస్ముది ఊపిరి తగలనంత దూరంలో దాన్ని పెట్టుకుని, అటు తిరిగి పడుకుంటుంది లస్మిని.