నీళ్లు వాడుకోవచ్చు

మురుగునీటి శాఖ ఆఫీసులో ఆమెను అందరూ వార్తలక్క అంటారు. ఏ వీధిలో మురుగు కాలువ బాగుచేస్తున్నా ఆ వీధివాళ్ల ఫోన్లకు కబురు పంపేది ఆవిడే. పొద్దున ఒకటి: "పని జరుగుతోంది, నీళ్లు పారబోయకండి." పని అయ్యాక ఇంకొకటి: "పని ముగిసింది, నీళ్లు వాడుకోవచ్చు." ఈ రెండో కబురుకు ఒక కట్టుబాటు ఉంది. గోతి దగ్గర నుంచి మేస్త్రీ ఫోన్ చేసి "మనిషి పైకొచ్చాడు" అనాలి. ఆ మాట చెవిన పడందే మీట నొక్కకూడదు. పద్నాలుగేళ్లలో ఆమె ఆ కట్టుబాటు తప్పింది ఒక్కసారే.

అది నెల కిందట, పక్క వీధి పనిలో. సాయంత్రం నాలుగూ పదికి పెద్దసారు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపమ్మా? జనం నన్ను పీక్కు తింటున్నారు. పంపించెయ్."

మేస్త్రీ ఫోన్ రాలేదు. వచ్చేస్తుందిలే అనుకుని నొక్కింది. పొద్దుటి నుంచి ఓర్చుకున్న వీధంతా ఒక్కసారిగా కుళాయిలు తిప్పింది. నాలుగు పెద్ద భవనాల నీళ్లు ఒకేసారి కిందికి దిగాయి. కింద బక్కోడు ఉన్నాడు. సన్నగా ఉంటాడు, ఎంత ఇరుకు గోతిలోనైనా ఇమిడిపోతాడు అని ఎప్పుడూ అతన్నే దింపేవాళ్లు.

ఆ రోజు నుంచి ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు. తిండికి రుచి లేదు, నిద్రకు కల లేదు. తప్పు చేసినవాళ్లకు దేవుడు మొదట వేసే శిక్ష అదేనేమో. నొప్పి తీసేస్తాడు.

ఇవాళ విచారణకు కాగితం ఇవ్వాలి. పెద్దసారే రాయించి తెచ్చాడు. మేస్త్రీ ఫోన్ వచ్చాకే కబురు పంపాననీ, బక్కోడు ఆ తర్వాత తాగొచ్చి తనంతట తనే గోతిలో దిగాడనీ అందులో ఉంది. మేస్త్రీ భయపడి తన సంతకం పెట్టేశాడు. ఇక ఆమెది ఒక్కటే మిగిలింది.

వరండా బల్ల మీద బక్కోడి భార్య పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. వార్తలక్క బయటికి రాగానే లేచి నిలబడింది.

"అక్కా, నాకేం వద్దు. ఆయన లోపలుండగానే నీళ్లు వదిలారని ఒక్క ముక్క రాయండి. చుక్క ముట్టని మనిషక్కా. తాగి చచ్చాడని మా గుమ్మంలోనే అంటున్నారు."

"చూస్తాలే," అని లోపలికి వచ్చేసింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు పెద్దసారు, కలం మూత తీసి అందిస్తూ. "మేస్త్రీకే లేని బాధ నీకెందుకు? పోయినవాడు ఎలాగూ రాడు. ఈ కాలువల్లో ఇంతకుముందు పోయినవాళ్లలో ఎవరొచ్చారు గనక?"

సంతకం చేసింది.

గడియారం నాలుగూ పది చూపిస్తోంది. బయట మబ్బు కమ్మి పగలే మసకబారింది. గదిలో ఏదో వాసన. తడి మట్టి అనుకుంది ముందు. కాదు. నానిన తుప్పు... కుళ్లిన గుడ్డు...

ఫోన్ మోగింది. పక్క వీధి పెద్దావిడ.

"అమ్మాయ్, ఇదేం కబురే తల్లీ? పొయ్యి మీద గిన్నె మాడిపోతుంటే నీళ్లు పోయద్దంటావు!"

"ఏం కబురండీ?"

"'మనిషి ఇంకా పైకి రాలేదు. నీళ్లు పారబోయకండి.' కింద నీ పేరే ఉంది. ఇప్పుడే వచ్చింది."

పెట్టీ పెట్టగానే ఇంకో ఫోన్. ఆ వెంటనే మరొకటి. ఊరంతటికీ అదే కబురు. పంపిన సమయం నాలుగూ పది. ఆ నిమిషంలో ఆమె చేతిలో కలం ఉంది. మీట దగ్గర ఎవరూ లేరు.

"నేను కాదు, నాకేం తెలీదు," అన్నాడు పెద్దసారు ఎవరూ అడగకముందే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

కిటికీలోంచి చూస్తే బక్కోడి భార్య ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతోంది. రెండుసార్లు చదివింది. గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. విసిగి ఇంటికి పోయింది కాబోలు అనుకుంది వార్తలక్క. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఊరు కుళాయిలు కట్టేసింది. ఎన్నడూ ఆగని నేల కింది గలగల ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో... కింద... ఎవరో నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నట్టు...

"అది అబద్ధపు కబురని ముందు పంపించు!" అన్నాడు పెద్దసారు.

ఆమె మేస్త్రీకి ఫోన్ చేసింది.

"ఇవాళ పనే లేదక్కా. ఎవర్నీ దింపలేదు."

"విన్నావుగా? లోపల ఎవరున్నారని! నొక్కు," అన్నాడు పెద్దసారు.

"ఒకసారి మనిషిని పంపి చూపిద్దాం సార్. పది నిమిషాలు..."

"నొక్కమ్మా!"

నొక్కింది. "నీళ్లు వాడుకోవచ్చు."

ఊరి నీళ్లన్నీ ఒక్క పెట్టున దిగాయి. కుర్చీ కాళ్లు అదిరాయి. ఆ హోరులో సన్నగా ఒక కేక లాంటిది వినిపించింది. తెగిపోయింది. గదిలో వాసన కూడా పోయింది.

పావుగంటకు మేస్త్రీ ఫోన్ చేశాడు. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అక్కా... మనసాగక పక్క వీధికొచ్చాను. బక్కోడు పోయిన గోతి మూత తీసుంది."

"ఎవరు తీశారు?"

"తెలీదు. ఇద్దరు పడితే గానీ లేవదది. అంచున ఆడమనిషి చెప్పులున్నాయి. బక్కోడి పెళ్లానివే."

వార్తలక్క వరండా బల్ల వైపు చూసింది.

"పిలిచావా?"

"పిలిచా. పలకట్లేదు." ఊపిరి ఎగపోస్తున్నాడు. "అక్కా... పక్కన తడి అడుగులున్నాయి. మగవాళ్లవి. ఒక జత కాదక్కా... వీధి నిండా... అన్నీ గోతిలోంచి బయటికే."