నలభై రోజుల నడకకు రెండున్నర నిమిషాలా?

రెండున్నర నిమిషాలు. మా అత్త రెండేళ్ళపాటు కూర్చుని రాసిన నలభై రోజుల నడకకు ఆ గదిలో ఇచ్చిన సమయం అది. అందులోనే ఒక పాట కూడా ఉందట.

"ఇంతకీ వీళ్ళిద్దరూ ప్రేమలో ఎప్పుడు పడ్డారండీ?" అని అడిగాను, ఆ సన్నివేశం రాసి గోడకు గుచ్చిన గులాబీరంగు కార్డు చూపిస్తూ.

"రెండో చరణంలో" అంది బల్ల చివర కూర్చున్న అమ్మాయి, తల ఎత్తకుండానే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు ఎక్కిందో తెలియాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి.

మా నాన్నకు అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేస్తూనే, సెలవుదినాల్లో కూర్చుని ఐదు సంపుటాల మాయల కథ రాసింది. నదిని దొంగిలించిన రాజు, ఆ నదిని వెనక్కి తేవడానికి బయల్దేరిన రాకుమారి, రాతి ఏనుగులు, అన్నీ ఉంటాయందులో. నేను ప్రూఫ్ రీడర్ని. ఐదు సంపుటాలకూ అచ్చుతప్పులు దిద్దింది నేనే. అంటే ఆ కథను ప్రపంచంలో నాకంటే నెమ్మదిగా చదివినవాడు ఇంకొకడు లేడు. ఇప్పుడు ఒక టీవీ ఛానెల్ వాళ్ళు దాన్ని ఎనిమిది ఎపిసోడ్లుగా తీస్తున్నారు. ప్రతి స్క్రిప్టు మీదా అత్త సంతకం ఉండాలని ఒప్పందం. అత్తకు మీటింగులంటే తలనొప్పి. నువ్వెళ్ళి కూర్చో, నువ్వు సరేనంటే నేను కళ్ళు మూసుకుని సంతకం పెడతానని నన్ను పంపించింది.

ఇక ఆ నడక. మూడో సంపుటంలో రాకుమారి శత్రువులకు చిక్కుతుంది. ఆమెను తమ రాజుకు అప్పగించే పని ఒక కాపలావాడి మీద పడుతుంది. మధ్యలో ఉప్పు మైదానం. ఆ ఉప్పుకు గుర్రాల గిట్టలు చీలిపోతాయి కాబట్టి కాలినడకనే వెళ్ళాలి. పన్నెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. పంతొమ్మిదో రోజునుంచి వాడు పొద్దున ఒకవైపు, మధ్యాహ్నం దాటాక రెండోవైపు నడవడం మొదలుపెడతాడు. తను పారిపోతుందేమోనని కాపు కాస్తున్నాడనుకుని ఆమె లోపల్లోపల తిట్టుకుంటుంది. ఇరవై మూడో రోజున అర్థమవుతుంది, వాడు ఎటు నడిచినా వాడి నీడ తన మీద పడుతోందని. అంతే. అప్పుడు కూడా ఏమీ మాట్లాడుకోరు. ఆ పేజీ గురించి అత్తకు వచ్చిన ఉత్తరాలు ఒక బీరువా అర నిండా ఉన్నాయి. ఆ ఒక్క పేజీలో నేను మూడు అచ్చుతప్పులు వదిలేశాను, కళ్ళు మసకబారి.

ఆ నీడను వీళ్ళు పాటలో కలిపేశారు.

"మీరు అసలు పుస్తకం చదివారా?" అన్నాను.

ఇప్పుడు తల ఎత్తింది. ఒక చెవి వెనక పెన్సిలు, అది మర్చిపోయి రెండో చెవి వెనక ఇంకో పెన్సిలు. ముఖ్య రచయిత్రి ఆమేనట. మనిషి చూడ్డానికి చక్కగా ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

"మేనల్లుడుగారూ, కూర్చోండి" అంది. "చదివేవాడు పుస్తకం మూసేసి, భోంచేసి వచ్చినా ఆ ఉప్పు మైదానం అక్కడే ఉంటుంది. చూసేవాడి చేతిలో రిమోట్ ఉంటుంది. ఇద్దరు మనుషులు మాటా పలుకూ లేకుండా నడుస్తుంటే వాడు ఎంతసేపు చూస్తాడో మీరే చెప్పండి."

"రిమోట్‌కి భయపడి ప్రేమించుకోవడం మానేస్తారా?"

గదిలో మిగతా ఇద్దరు రచయితలు నవ్వారు. ఆమె నవ్వలేదు. లేచి వచ్చి ఆ గులాబీరంగు కార్డు తీసి, కాసేపు చూసి, మళ్ళీ అక్కడే గుచ్చింది.

ఆ రోజే ఆమెకు కత్తెర అని పేరు పెట్టాను. వారం తిరక్కుండానే అది ఆమె చెవిన పడింది. ఏమీ అనలేదు గానీ, నన్ను మేనల్లుడుగారని పిలవడం మాత్రం మానలేదు. నాకు సొంతంగా ఒక పేరుందన్న సంగతి ఆ గదిలో అందరూ మర్చిపోయారు.

వారానికి మూడు రోజులు వెళ్ళి గొడవపడేవాణ్ణి. మొదటి సంపుటంలో ముప్పై పేజీల వంశచరిత్ర ఉంటుంది. దాన్ని ఒక దాది పిల్లను జోకొడుతూ చెప్పే రెండు మాటలకు కుదించింది. స్క్రిప్టు చదివితే బాగానే ఉంది, అందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఇద్దరు మంత్రుల్ని కలిపి ఒక మంత్రిని చేసింది. పుస్తకంలో వాళ్ళు వేర్వేరుగా చచ్చిపోతారు కదా, ఇప్పుడేం చేస్తారని నిలదీశాను.

"ఒకేసారి పోతారండీ. మీకు ఏడ్చే పని సగం తగ్గుతుంది" అంది.

ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరం ఆఫీసు మెట్ల మీద ఇరుక్కుపోయాం. గొడుగు ఆమె దగ్గరే ఉంది. బస్టాపుదాకా వస్తారా అని అడిగింది. నాలుగో ఎపిసోడ్‌లోని వంతెన యుద్ధం తప్ప మీరు రాసిందేదీ నాకు నచ్చలేదని చెబుతూ ఆ గొడుగు కిందే నడిచాను. బస్సెక్కాక చూస్తే నా చొక్కా పొడిగా ఉంది. రోడ్డు మీద నిలబడ్డ ఆమెకు ఎడమ భుజం మొత్తం తడిసిపోయి ఉంది. గొడుగు పట్టుకోవడం కూడా చేతకాదు ఈవిడకి అనుకున్నాను.

రోజూ సాయంత్రం అత్త దగ్గరికి వెళ్ళి కత్తెర చేసిన ఘోరాలన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. అత్త కూరగాయలు తరుగుతూ వినేది. ఒకసారి మధ్యలో ఆపింది.

"అన్నీ సరేగానీ, తిట్టిరావడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?"

అదొక ప్రశ్నా అసలు?

మూడో నెలలో ఐదో ఎపిసోడ్ కార్డులు కొత్తగా గుచ్చారు. నడక రెండు నిమిషాల పదిసెకన్లకు తగ్గింది. ఛానెల్ వాళ్ళకు పాట పొడుగనిపించిందట. ఆ ఇరవై సెకన్లకు నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆమెతో ఒక్క మాటైనా అనకుండా ఇంటికొచ్చి, బుధవారం మధ్యాహ్నం ఛానెల్ పెద్దాయనకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఈ రచయిత్రికి పుస్తకం అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు, అని మొదలుపెట్టి. సాయంత్రానికల్లా ఆయన ఆఫీసులో ఇచ్చొచ్చాను.

గురువారం పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"మాక్కూడా ఆవిడతో ఇబ్బందిగానే ఉందండీ. ఆ నడక కోసం తొమ్మిదో ఎపిసోడ్ ఇమ్మని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. ఇంకోసారి అడిగితే మనిషిని మార్చేస్తామన్నాం, అయినా అడిగింది. సరిగ్గా టైముకి మీ ఉత్తరం వచ్చింది. సోమవారం నుంచి వేరే రచయిత వస్తున్నాడు. ఆ నడకను అతను అసలు ఉంచడట, మీకే తలనొప్పీ ఉండదు."

ఫోన్ పెట్టేశాను. ఎవరి మీద మండిపడాలో కాసేపు తెలియలేదు. తర్వాత తెలిసింది, కానీ ఆ మనిషి నేనే.

పరుగున వెళ్ళాను. గదిలో ఆమె ఒక్కతే ఉంది. గోడ మీది కార్డులు ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో సర్దుతోంది.

"మీ ఉత్తరం నాచేత చదివించారు" అంది. "నాలుగు పేజీల్లో ఒక్క అచ్చుతప్పు లేదు. మంచి పనిమంతులు మీరు."

"తొమ్మిదో ఎపిసోడ్ అడిగిన సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. తప్పు నాదైనా గొంతు మాత్రం తగ్గలేదు.

"మీరు అడిగితే కదా చెప్పడానికి. మూడు నెలల్లో మీరు నన్ను గురించి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, పుస్తకం చదివారా అని. దానికి జవాబైనా విన్నారా? ఇంటర్లో ఉండగా చదివాను. ఇరవై మూడో రోజు దగ్గర ఆగిపోయి వారంపాటు పేజీ తిప్పలేదు, అయిపోతుందేమోనని. అలాంటి దాన్ని నా చేత్తో పాటలో కుక్కుతుంటే నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అనుకున్నారా?"

నేను అనుకోలేదు. అదే చెప్పాను.

ఆమె బల్ల సొరుగులోంచి కొన్ని కాగితాలు తీసి నా ముందు పడేసింది. తొమ్మిదోది ఎలాగూ ఇవ్వరని తేలిపోయాక, ఎనిమిదింటిలోనే చోటు వెతికిందట. ఐదో ఎపిసోడ్ మొదలునుంచి చివరిదాకా ఆ నడకే. పాట లేదు. మొదటి ఇరవై నిమిషాల్లో తొమ్మిది మాటలు. చూసేవాడికి నీడ సంగతి రాకుమారి కంటే ఒక్క క్షణం ముందు తెలుస్తుంది, ఇప్పుడైనా తల ఎత్తి చూడవే అని వాడు టీవీ ముందు కూర్చుని గింజుకోవాలి. రిమోట్‌కి ఆమె కనిపెట్టిన మందు అది. దానికోసం నాలుగో ఎపిసోడ్‌లో వంతెన యుద్ధం మొత్తం తీసేసింది. యుద్ధం అయ్యాక వంతెన మీద ఒక ముసలివాడు చెప్పులు ఏరి జతలు కలుపుతూ ఉంటాడు. చాలా చెప్పులకు జత దొరకదు. అంతే.

"యుద్ధం తీసేస్తారా? డెబ్బై రెండు పేజీలు" అన్నాను. అంత పశ్చాత్తాపంలో కూడా నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"శుక్రవారం మీకు చూపించి, మీతో పోట్లాడి ఒప్పిద్దామనుకున్నాను. మీరు బుధవారమే ఉత్తరం పడేశారు. తొందర నాకంటారు."

పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ కాగితాలు మాత్రం నా చేతిలోనే ఉండిపోయాయి.

వాటిని అత్తకు ఇచ్చాను. అత్త కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. ముసలివాడి దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. యుద్ధం పోయినందుకు బాధపడొద్దని ఓదార్చబోయాను.

"బాధెందుకురా? ఆ యుద్ధం నీ పోరు పడలేక రాశాను. అప్పుడు నువ్వు డిగ్రీలో ఉన్నావు. ఎవరూ ఎవర్నీ కొట్టుకోరా అత్తా, ఒక్క యుద్ధమైనా లేకపోతే ఎలా అని నెలరోజులు నా ప్రాణం తీశావు. అందులో ఒక్క ముక్క నాకిష్టం లేదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అంత ఇష్టంగా దిద్దుకుంటుంటే ఎలా చెప్పను?" అంది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ పిల్ల ఆ ఇద్దర్నీ నాకంటే బాగా నడిపించింది. నువ్వు పోగొట్టావు కదా, నువ్వే వెళ్ళి తీసుకురా."

శుక్రవారం ఛానెల్ పెద్దాయన ముందు కూర్చున్నాను. నా ఉత్తరంలో ప్రతి వాక్యమూ తప్పని, దాన్ని దిద్దడానికి వచ్చానని చెప్పాను. ఆ అమ్మాయి రాసిన స్క్రిప్టులకు తప్ప ఇంకెవరు రాసినా అత్త సంతకం పెట్టదన్నాను. ఆయన చిర్రెత్తిపోయాడు. ఇదేమన్నా పిల్లలాటా అన్నాడు. వంతెన యుద్ధం షూటింగ్ చెయ్యక్కర్లేదు, రాతి ఏనుగులు కూడా అక్కర్లేదని, బోలెడు ఖర్చు తగ్గుతుందని చెప్పాక మొహం కాస్త వదులైంది. సణుగుతూనే ఫోన్ తీసి ఆమెను పిలిపించాడు.

సాయంత్రానికి ఆమె గదిలోనే ఉంది, కార్డులు మళ్ళీ గుచ్చుతూ. నేను తలుపు దగ్గర నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. నాదే తప్పని, క్షమించమని, ఆమె అంటే నాకిష్టమని, ఎప్పట్నుంచో ఇష్టమని నిన్ననే తెలిసిందని, పెళ్ళి చేసుకుందామని, ఏమంటారో ఇప్పుడే చెప్పమని.

ఆమె గుండుసూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, అది కోపం కాదని నాకు కొంచెం ఆశ పుట్టింది.

"బుధవారం నా ఉద్యోగం ఊడగొట్టారు, శుక్రవారం ఇప్పించారు, అదే సాయంత్రం పెళ్ళంటున్నారు. మధ్యలో ఏదండీ? ఇది నేను రాసుంటే మీరు గది పీకి పందిరేసేవాళ్ళు కాదూ?"

నిజమే. వేసేవాణ్ణి.

"మా ఇల్లు ఇక్కడికి నలభై నిమిషాల నడక" అంది. "రోజూ నడవండి నాతో. నలభై రోజులు. పెళ్ళి మాట ఎత్తకూడదు. ఆ తర్వాత చెప్తాను."

నడిచాను. మొదటి మూడు రోజులు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, కోపం ఇంకా ఉంది. ఉండాల్సిందే. నాలుగో రోజు చిన్న తుంపర పడింది. గొడుగు నేను అందుకుని పట్టుకున్నాను. ఎందుకు అందుకున్నానో ఆమెకు అర్థమైంది, నాకు భుజం తడిసింది. ఆరో రోజు వాళ్ళ నాన్న సంగతి చెప్పింది, ఏ కథైనా సగం వినగానే చివరికేమైందని అడిగే మనిషట, అందుకే తనకు కుదించి చెప్పడం అలవాటైందట. ఎనిమిదో రోజు నా పేరు అడిగింది. చెప్పాను. నడుస్తూ నడుస్తూ రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుంది.

పదకొండో రోజు వాళ్ళ గేటు ముందు ఆగింది.

"సరే. నాకూ ఇష్టమే. మీ అత్తయ్యగారిని మా ఇంటికి రమ్మనండి."

నాకు ఎంత సంతోషమేసిందో, అంత ఉక్రోషం కూడా వచ్చింది.

"ఇవాళ్టికి పదకొండే. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఏవీ?"

"అవి తీసేశాను. అంత సాగదీస్తే ఎవరు చూస్తారు?"

"మనల్ని ఎవరూ చూడట్లేదు. నాకు నలభై కావాలి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

ఆమె గేటు మీద వేసిన చెయ్యి తీసేసింది.

"అయితే పద" అంది.

వాళ్ళ ఇల్లు దాటి ముందుకు నడిచాం. మేడమీద బట్టలు తీస్తున్న వాళ్ళమ్మ, "ఇంటిముందుదాకా వచ్చి ఎటు వెళ్తున్నారే?" అని అడుగుతూనే ఉంది.