మూడో మాట

పెద్ద వరదకి వంతెన కొట్టుకుపోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. అప్పటికి కొత్త వంతెన సగమే కట్టారు. బజారు గోడల మీద నీళ్ళు నిలిచిన గీత ఇంకా మనిషి నడుమెత్తున కనిపిస్తూనే ఉండేది.

ఆ బజారు చివర ఒక మరమ్మతు కొట్టు. కొట్టు మేనత్తది, పని మేనల్లుడిది. టీవీకి తగిలించి వీడియో గేమ్‌లు ఆడుకునే కంట్రోలర్లు, హెడ్‌ఫోన్లు, కీబోర్డులు బాగుచేసేవాడు. వరదలో మునిగిన సరుకు గోనెలకొద్దీ తెచ్చి, విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త బటన్లు వేసి అమ్మేవాడు. మాట తక్కువ మనిషి. తన పనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదని లోపల్లోపల కాస్త గర్వం మాత్రం ఉండేది.

ఒక సోమవారం పొద్దున ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

"ఒరేయ్, ఇలా రా. మన కంట్రోలర్ ఫోన్లోకెక్కింది," అంది అత్త.

ఫోన్లో ఒక అమ్మాయి. జడ భుజం మీంచి ముందుకేసుకుంది. ఎదురుగా బల్ల మీద అతను చేసిన కంట్రోలర్. అదేదో సాక్షి ప్రమాణం చేస్తున్నట్టు చెప్పింది.

"డబ్బిచ్చి కొన్నాను. నెల్లాళ్ళు వాడాను. చేసినవాళ్ళు నాకేమీ కారు."

గేమ్‌లకీ, గేమ్ సామాన్లకీ రివ్యూలు చెప్పే పిల్ల. ఏ వీడియో అయినా ఈ మూడు మాటలతోనే మొదలయ్యేది. చివర ఐదు చుక్కలకి ఎన్ని ఇస్తుందో చెప్పేది. బజారంతా ఆమెని చుక్కలమ్మాయి అనేవారు. ఆమె దగ్గర మూడొస్తే కొట్టువాళ్ళు కాగితం మీద రాసి గుమ్మానికి అంటించుకునేవారు.

"బటన్లు బావున్నాయి. కానీ బొటనవేలితో తిప్పే స్టిక్ వదిలేస్తే తెర మీద బొమ్మ దానంతటదే ఎడమపక్కకి నడిచిపోతోంది. పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే పోతుంది. అత్తారింటి మీద అలిగిన అల్లుడిలా. రెండు చుక్కలు."

అత్త పకపకా నవ్వింది. "పట్టపగలే చుక్కలు చూపించిందిరా నీకు!"

అతను నవ్వలేదు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

చుక్కలమ్మాయి ఉండేది బేకరీ మేడ మీద గదిలో. గోడ పొడుగునా కీబోర్డులు, మేకులకి హెడ్‌ఫోన్లు. ప్రతిదానికీ కొన్న తారీకు రాసిన చీటీ దారంతో కట్టి ఉంది. కిటికీ దగ్గర వాళ్ళ నాన్న ఒక చిన్న ఇత్తడి త్రాసుని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడు.

"ఎవరండీ?" అంది ఆమె.

"ఆ ఎడమపక్కకి నడిచేదాన్ని చేసినవాణ్ణి."

"ఓ! రండి, కూర్చోండి."

"కూర్చోను. మీరు దాన్ని సరిగ్గా పట్టుకుని ఉండరు."

"పట్టుకుంటే బుద్ధిగానే ఉంటోందండీ. పట్టుకోకపోతేనే గొడవ."

"వదిలేసినప్పుడు ముల్లు మధ్యలో నిలవకపోతే అది త్రాసే కాదు బాబూ," అన్నాడు నాన్న, తలెత్తకుండా.

ఆమె కంట్రోలర్ బల్ల మీద పెట్టి చేతులు తీసేసింది. తెర మీద బొమ్మ ఎడమకి తిరిగింది. నడిచింది. గోడ తగిలింది. గోడకేసి నడుస్తూనే ఉంది. అతను కంట్రోలర్ తీసుకుని స్టిక్ నాలుగువైపులా తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లోపల ఒండ్రు మిగిలింది. తప్పు నాదే," అన్నాడు.

ఆమె అప్పుడు అతని మొహంలోకి సరిగ్గా చూసింది. "ఈ మెట్లెక్కి వచ్చినవాళ్ళలో ఆ మాటన్నవాళ్ళు మీరే మొదలు."

"బాగుచేసి తెచ్చిస్తాను. మళ్ళీ చూడండి."

"తెచ్చిస్తే చూడను. కొట్లో పెట్టండి, వచ్చి కొనుక్కుంటాను."

"సరే, వచ్చినప్పుడు టీ ఇస్తాను."

"తాగను. ఎవరి సరుకు చూస్తానో వాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టను."

"నా పెంపకం," అన్నాడు నాన్న. ఈసారి తలెత్తాడు.

అలా మొదలైంది. ఆమె నెలకోసారి వచ్చి ఏదో ఒకటి కొనుక్కుపోయేది. మొదటి నెల రెండున్నర చుక్కలు. ఆ తరువాత మూడు. హెడ్‌ఫోన్లకి మూడున్నర. అత్త ప్రతిసారీ టీ పోసి గ్లాసు బల్ల మీద పెట్టేది. ఆమె ప్రతిసారీ వద్దనేది. ఆ గ్లాసు చివరికి అతనే తాగేవాడు.

ఒక సాయంత్రం ఆమె కీబోర్డు ఏరుకుంటుండగా వాన పట్టుకుంది. వరదప్పట్నించీ ఆ బజారుకి వానంటే గుండె దడ. నాలుగు చినుకులు పడితే చాలు, అతను కింది అరలో పెట్టెలన్నీ పై అరలోకి ఎక్కించేవాడు. ఆ వేళా మొదలుపెట్టాడు. ఆమె ఎవరూ అడక్కుండానే చేతులు పైకి మడుచుకుని పెట్టెలు అందించసాగింది.

"ఇలా సాయం చేస్తే పక్షపాతం కాదా?" అన్నాడు.

"వరద ఎవరి పక్షమూ కాదుగా."

చివరి పెట్టె ఇద్దరి చేతుల్లోనూ ఉండిపోయింది. అంత బరువైనదేం కాదు, ఖాళీ పెట్టె.

"వదలండి," అంది ఆమె.

"వదిలితే ఎడమపక్కకి పోతానేమో."

ఆమె ఎడమపక్కనే నిలబడి ఉంది. పెట్టె ఊగిపోయేలా నవ్వింది. అతను అంత పొడుగు మాట ఎవరితోనూ అనగా అత్త వినలేదు. గల్లాపెట్టె వెనకాల కూర్చుని ఏమీ విననట్టు విసనకర్ర విసురుకుంది.

వాన అరగంటలో ఆగిపోయింది. ఆమె వెళ్ళిపోయింది. అతను గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి కోపంగా చూశాడు. వరదని రమ్మనలేదు గానీ, ఇంకో అరగంట కురిస్తే దాని సొమ్మేం పోయిందని.

ఆ నెల వీడియో వచ్చింది. కీబోర్డుకి మూడున్నర. మొదట్లో మామూలుగానే, "చేసినవాళ్ళు నాకేమీ కారు."

"ఊరందరికీ చెప్తోంది నువ్వేమీ కావని. నువ్వేమో అదే ముక్క వెనక్కి జరిపి జరిపి వింటున్నావు," అంది అత్త. "ఏరా, చెప్పకూడదూ?"

"ఏం చెప్పను?"

"నా తలకాయ!"

అతని మనసులో అప్పుడు ఇంకో పని కూడా నలుగుతోంది. వరదనాడు నీళ్ళలో షట్టరు ఎత్తబోతే అది జారి అత్త కుడి మణికట్టు నలిగింది. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అంతకుముందు కార్ల పందెం గేమ్‌లో ఆమెని గెలిచినవాడు బజారులో లేడు. ఆ రోజునించీ ఆమె కంట్రోలర్ ముట్టలేదు. అడిగితే, "పెద్దదాన్నయ్యాన్రా," అనేది.

నాలుగు నెలలు కూర్చుని అతను ఎడమచేతికి మాత్రమే సరిపడే కంట్రోలర్ చేశాడు. బొటనవేలి కింద స్టిక్, నాలుగు వేళ్ళ కింద బటన్లన్నీ, బల్ల మీదైనా ఒళ్ళోనైనా జారకుండా అడుగున రబ్బరు. మూడు తయారుచేశాడు. ఒకటి అత్త ముందు పెట్టాడు.

అత్త మొదటి పందెం ఓడింది. రెండోది ఓడింది. మూడోది గెలిచింది. ఆ తరువాత అతన్ని వరసగా ఏడుసార్లు చిత్తు చేసి కళ్ళు తుడుచుకుంది.

"ఒంటిచేతి వాళ్ళు లోకంలో నేనొక్కదాన్నేనా? ఇది అందరికీ అందాలిరా," అంది.

కంట్రోలర్లు చేసే ఒక చిన్న కంపెనీని అడిగాడు. వాళ్ళు చూశారు, మెచ్చుకున్నారు, ఒక మాట మీద నిలబడ్డారు. చుక్కలమ్మాయి నాలుగు చుక్కలిస్తే అయిదొందల కంట్రోలర్లు చేసి అమ్ముతాం, లేదంటే లేదు. ఆమె ఎవరికీ నాలుగు ఇచ్చిన పాపాన పోలేదు.

ఆ సంగతి ఆమెకి దాచకుండా చెప్పాడు. ఆమె కొట్లో అద్దాల బీరువాలోంచి రెండోదాన్ని తీయించుకుని డబ్బిచ్చి కొంది.

"నెల్లాళ్ళు నా కుడిచెయ్యి నడుముకి కట్టేసుకుని వాడతాను. వచ్చే నెల ఇరవయ్యో తారీకున చెప్తాను. బాగా లేకపోతే బాగా లేదనే చెప్తాను. మీరైనా సరే."

"మీరైనా సరే" అన్న మాట అతను నెల్లాళ్ళు వాడుకున్నాడు.

ఆ నెలంతా ఆమె కొట్టుకి రాలేదు. ఒక మధ్యాహ్నం అతను బయటికెళ్ళి వచ్చేసరికి అత్త చెప్పింది. "ఎవరో కళ్ళజోడాయన వచ్చి మూడోది కూడా కొనుక్కుపోయాడు. నోరిప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఒక్క మాట లేదు. నీకన్నా నయంగా లేడు."

ఇరవయ్యో తారీకు వచ్చింది. పొద్దున్న వీడియో రాలేదు. మధ్యాహ్నం రాలేదు. మూడింటికి మబ్బేసింది. అతను పెట్టెలు పైకెక్కించడం కూడా మర్చిపోయాడు.

నాలుగింటికి చుక్కలమ్మాయి వచ్చింది. వెనకాల నాన్న గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. అత్త ఎప్పటిలాగే టీ పోసిపెట్టింది. చుక్కలమ్మాయి కంట్రోలర్ బల్ల మీద పెట్టింది.

"దీనికి నేను రివ్యూ చెప్పను," అంది.

అతను బల్ల మీదికి వంగాడు. "అంత అన్యాయంగా ఉందా?"

"ముందు ఇది చూడండి."

ఫోను అతని చేతిలో పెట్టింది. తెర మీద ఆమే. కుడిచెయ్యి నడుముకి కట్టి ఉంది. "డబ్బిచ్చి కొన్నాను. నెల్లాళ్ళు వాడాను. చేసినవాళ్ళు నాకు..." ఆగిపోయింది. వీడియో అయిపోయింది.

ఇంకోటి. "డబ్బిచ్చి కొన్నాను. నెల్లాళ్ళు వాడాను. చేసినవాళ్ళు..." కిటికీకేసి చూసింది. అయిపోయింది.

ఇంకోటి. ఈసారి మూడో మాట దగ్గర నవ్వొచ్చి మొహం కప్పుకుంది. ఎక్కడినించో నాన్న గొంతు వినిపించింది. "చెప్పవే, ఏమవుతాడు?"

"ఇరవయ్యారు సార్లు తీశాను. మూడో మాట నోటికి రావట్లేదు," అంది ఆమె, నేలకేసి చూస్తూ. "అబద్ధం చెప్పి రివ్యూ ఎలా చెప్పను?"

అత్త విసనకర్ర ఆపేసింది.

"మరి కంపెనీవాళ్ళు?" అన్నాడు అతను. ఏమనాలో తెలియనప్పుడు మనిషి పని మాటే ఎత్తుతాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ముప్పై ఏళ్ళలో మా బావమరిది కొట్లో త్రాసు నేనొక్కసారీ ముట్టలేదు బాబూ. ఇంకో ఇన్‌స్పెక్టర్ని పంపించేవాణ్ణి. పద్ధతి అది. మా అమ్మాయికి పదిరోజుల్లోనే అనుమానమొచ్చింది, తను పనికిరానేమోనని. రివ్యూలు చెప్పేవాళ్ళలో తనకన్నా పిసినారి ఒకాయన ఉన్నాడు, కళ్ళజోడాయన. ఆయనకి ఫోన్ చేసి, వెళ్ళి కొనుక్కుని చూడమంది."

"ఆయన మూడుకి మించి ఎవరికీ ఇవ్వలేదు," అంది ఆమె. "ఇందాకే చెప్పాడు. వినండి."

కళ్ళజోడాయన తెర మీద కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. తరువాత, "రంగు బావులేదు. మిగతాదంతా బావుంది. నాలుగు," అని కెమెరా కట్టేశాడు.

అత్త ఎడమచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచింది. టీ గ్లాసులు గలగలలాడాయి.

"కంపెనీకి కూడా నేనే చెప్పాను. నా మాట చెల్లదు, ఆయన మాట తీసుకోండని. ఒప్పుకున్నారు," అంది ఆమె.

"ఎందుకు చెల్లదని అడగలేదా?"

"అడిగారు. చేసినవాళ్ళు మాకు చుట్టమవుతారని చెప్పాను."

"ఏం చుట్టం?"

"అది మీరు చెప్పాలి."

బయట వాన మొదలైంది. అతను నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"చెప్పరా! నోట్లో కూడా ఒండ్రు మిగిలిందా?" అరిచింది అత్త.

"పెళ్ళి చేసుకుందాం," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె. ఇరవయ్యారు సార్లు రాని మాటకి బదులు అదొక్కటే వచ్చింది.

నాన్న అతన్ని కిందినించి పైదాకా ఒకసారి చూశాడు. "వదిలేసినా మధ్యలో నిలబడే మనిషే. సరితూగాడు," అన్నాడు. "అమ్మా, ఇంక టీ తాగొచ్చు."

ఆమె ఆ కొట్లో మొదటిసారి టీ తాగింది. చల్లారిపోయిన టీ. అయినా చివరి గుక్కదాకా తాగింది.

వాళ్ళు లేచేటప్పుడు అతను గుమ్మం దాకా వెళ్ళాడు. "ఇంతకీ నువ్వైతే ఎన్నిచ్చేదానివి?"

"నువ్వు అనేశారా? అప్పుడే?"

"చుట్టాన్నిగా."

"చుట్టాలకి చుక్కలివ్వను."

"చుక్కలొద్దు. ఒక్క మాట చెప్పు."

ఆమె గొడుగు విప్పి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. పని గుర్తొచ్చిన మొహం పెట్టింది. "వైరు పొట్టి. ఒంటిచేత్తో ఆడేవాళ్ళు వెనక్కి జారగిలబడి కూర్చుంటారు. జానెడు తగ్గింది. కళ్ళజోడాయన చూడలేదు, నేను చూశాను."

మర్నాడు పొద్దున అతను అందరికన్నా ముందు వచ్చి కొట్టు తెరిచాడు. గోడ మీద వరద గీత కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వైరు కోసి, జానతో కొలిచి, ఒకటికి రెండు జానలు కలిపి అతికించాడు.