నీలం వదలని నీళ్లు

తిరుప్పూరు అద్దకపు మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రంలో, ట్యాంకులో తేలిన శవం పొన్నరసిది. ఆమె ల్యాబ్ కెమిస్టని అందరికీ తెలుసు. గూఢచారి అని కదిరవన్‌కు తెలుసు. ఆమెను అక్కడ పెట్టింది అతనే. "సార్, నన్ను ఇవాళే బయటికి తీసుకెళ్లండి" అని ఫోన్ చేస్తే, "రెండ్రోజులు ఓపిక పట్టమ్మా" అన్నదీ అతనే.

చీఫ్ సెంబియన్ క్లుప్తంగా చెప్పాడు.

"విదేశీ ముఠా. రేపు పన్నెండింటికి మురుగునీటిలో విషం కలుపుతారు. శుద్ధయిన నీళ్లు మూడు ఊళ్లు వాడుకుంటాయి."

"ఫిల్టర్లలో యాక్టివేటెడ్ కార్బన్ ఉందిగా సార్? విషాన్ని పట్టేస్తుంది."

"పొన్నరసి పిడికిట్లో ఆ పొడే దొరికింది. ఏంటో చూడు. అక్కడ పనిచేసే వానది అనే అమ్మాయి మన మనిషి. ముఠా జీతమూ తింటోంది. జాగ్రత్త."

మర్నాడు పదకొండున్నరకు కదిరవన్ గడ్డం అంటించుకుని, కార్బన్ అమ్మేవాడిలా సంచీతో దిగాడు. ఆ కంపులోనూ వానది పట్టుచీరలో, మల్లెపూలతో ఎదురొచ్చింది.

"కొబ్బరిచిప్పల బొగ్గా అన్నా? వానకి తడిసిందా?"

"తడిసినా మండుతుంది."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ఆ గడ్డమేంటి, మేక కూడా నవ్వుతుంది."

ఫిల్టర్లోంచి గుప్పెడు పొడి తీసి గ్లాసు నీళ్లలో వేశాడు. పెన్నులో దాచిన నీలిరంగు నాలుగు చుక్కలు పిండి, కలిపి, వడకట్టాడు. అసలు కార్బన్ అయితే రంగునంతా పీల్చేసుకోవాలి. నీళ్లు నీలంగానే ఉన్నాయి.

ఉత్త పొయ్యిబొగ్గు. పొన్నరసి కనిపెట్టింది ఇదే.

మోటార్ల హోరులో పొన్నరసి గొంతు వినిపించినట్టయింది. ఇవాళే తీసుకెళ్లండి.

"టైము మార్చేశారు," వానది అంది. "విషం ఫిల్టర్ దాకా వచ్చేసింది. వాల్వ్ దగ్గర ఇద్దరున్నారు. వాళ్లని నేను మాటల్లో పెడతా."

ఆమె వాళ్లని పక్కకి తీసుకెళ్లగానే అతను వాల్వ్ చక్రం పట్టుకున్నాడు. తుప్పు. కదల్లేదు. భుజం ఆనించి తోస్తే తిరిగింది. గాజుగొట్టంలో విషం కలిసిన ఎర్రనీళ్లు పాకుతూ వచ్చి, బయటి పైపుకి జానెడు దూరంలో ఆగాయి.

బయట సెంబియన్ పంపిన జీపులు ఆగాయి. వాల్వ్ దగ్గరి ఇద్దరూ దొరికిపోయారు. వానది పారిపోలేదు.

"ముఠావాళ్లు నా మీద అనుమానపడ్డారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. పొన్నరసి పేరు చెప్పా."

కదిరవన్ సంచీలోంచి బేడీలు బయటికి తీశాడు.

"ఆమెని ఉండమన్నది నేను," అన్నాడు.

ఆ సాయంత్రం కేంద్రంలో ఫోన్ ఆగకుండా మోగింది. నీళ్లెందుకు రాలేదని మూడు ఊళ్లవాళ్లూ బండబూతులు తిట్టారు. కదిరవన్ ఒక్క ఫోనూ పెట్టెయ్యకుండా, చివరి తిట్టు దాకా శ్రద్ధగా విన్నాడు.