ఒక్క బెజ్జం వదులు

"ఆ కుర్చీని కోసి పడెయ్ నాన్నా. ఇక నా కళ్లకు కనబడకూడదు."

కూతురు ఆ మాట మెల్లగానే అంది. అరిచినా బాగుండేది! కుట్టుమిషను మీదున్న తల్లి కాలు అక్కడే ఆగిపోయింది. వెల్డింగు పని చేసే తండ్రి కొలతలు మార్చి మార్చి, తన చేతులతో అతికిన ఇనుప కుర్చీ అది. నడుము కింద స్పర్శ లేని ఆ పిల్ల అందులో కూర్చుని, తొడల మీదుగా పట్టీలు బిగించుకుని, ఆరేళ్లుగా ఇనుప గుండు విసురుతోంది. అందుకే తండ్రి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి, పహిల్వాన్ అంటాడు.

"రేపు సన్మానం పెట్టుకుని ఇవేం మాటలు పహిల్వాన్?"

"మూడు విసుర్లూ ఫౌలే కదా నాన్నా. మూడుసార్లూ సీటు మీంచి లేచానట. జట్టులో చోటు పోయింది. ఇప్పుడేమో పట్టుదలకి ప్రతీకనట, పిలిచి జ్ఞాపిక ఇస్తారట. నా ఒళ్లే నన్ను ముంచింది. ఇక ఆడను."

తల్లికి తెలుసు. ఒళ్లు ముంచలేదు... ముంచింది తను!

బ్యాగుల కార్ఖానాలో పనిచేసే ఆమెకు పట్టీలు కుట్టడం వెన్నతో పెట్టిన విద్య. కూతురి పట్టీలు కుట్టేదీ ఆమే, ప్రతి పోటీకీ బిగించేదీ ఆమే. మొన్నటి పోటీ రోజు పొద్దున చూస్తే, పిల్ల తొడ మీద చర్మం చిట్లి నెత్తురు చెమ్మ కనిపించింది. ఆ సంగతి పిల్లకు తెలియదు, తెలిసే వీలూ లేదు. ఆ నొప్పంతా చూసిన కళ్లదే! ఈ ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుని, పట్టీని ఎప్పుడూ పెట్టే బెజ్జంలో కాక ఒక్క బెజ్జం వదులుగా పెట్టింది. మీరైతే ఏం చేసేవారో చెప్పండి! అయినా ఆటకు జాలి తెలియదు కదా... మొదటి విసురుకే ఎర్రజెండా లేచింది.

ఈ మాట దాచితే పిల్ల తనకు దక్కుతుంది, కానీ పిల్లకు ఆట దక్కదు. తల్లి లేచి వచ్చి కూతురి ముందు నేల మీద కూలబడింది.

"నీ ఒళ్లు కాదే తల్లీ. పట్టీ నేనే వదులు చేశాను. పుండు పడిందని... ఒక్క బెజ్జం."

కూతురు తొడ మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.

"మొదటి జెండా లేచినప్పుడైనా చెప్పొచ్చు కదమ్మా?"

"పట్టీ కట్టి ఇవతలికి వచ్చాక మళ్లీ గీత దాటి రానివ్వలేదు. అక్కణ్నుంచే అరవాల్సింది. నావల్లే అని నీకు తెలిసిపోతుందని... భయమేసి నోరు రాలేదు."

"ఇన్నాళ్లూ నా ఒంటిని నేను తిట్టుకుంటుంటే పక్కనే కూర్చుని విన్నావు," అంది కూతురు. అంతే! ఆ తర్వాత తల్లితో మాటలు మానేసింది. స్నానం చేయించినా, మంచం మీద నుంచి లేవదీసినా, ఆమె చేతుల్లోనే ఉండి ముఖం మాత్రం గోడవైపు తిప్పుకునేది. అంతకన్నా చెంపమీద రెండు కొట్టినా బాగుండునని ఏడ్చేది ఆ పిచ్చితల్లి.

సన్మానానికి మాత్రం తండ్రి బతిమాలి ఇద్దరినీ తీసుకెళ్లాడు. వేదిక మీద ఒంటిచేతి ఈతగాడొకడు కూతురి పక్కనే కూర్చున్నాడు. "ఈ జ్ఞాపికలు మా ఇంట్లో తలుపులకు అడ్డం పెడుతున్నామండీ, గాలికి కొట్టుకోకుండా," అన్నాడు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "మళ్లీ పోటీ ఎప్పుడు మీకు?" అని అతను మామూలుగా అడిగాడు. ఏ జాలీ కలవని ఆ ప్రశ్నకు ఆమె ముఖం వికసించింది. "వచ్చే ఏడాది," అంది.

సరిగ్గా అప్పుడే మైకులో పిలిచారు, ఇంతటి బిడ్డను తీర్చిదిద్దిన తల్లి కూడా వేదిక మీదికి రావాలని. హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్ల మధ్య మెట్లెక్కుతుంటే ఆమెకు ప్రాణం పోతే బాగుండుననిపించింది. పక్కన నిలబడ్డ తల్లిని కూతురు ఒక్కసారి కూడా చూడలేదు.

వారం గడిచింది. ఒక సాయంత్రం పెరట్లో ఇనుప కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. తల్లి అలవాటుగా పరుగున వెళ్లి పట్టీ అందుకోబోయింది. కూతురు ఆ చెయ్యి పక్కకు నెట్టి, "నువ్వు కట్టు నాన్నా," అంది.

ఆరేళ్లుగా తను కట్టిన పట్టీ! ఏం చేస్తుంది? లోపలికి వెళ్లి తలుపు చాటున నిలబడింది. ఆట బతికింది, అదే చాలు... తన చోటు పోతే పోయింది.

పెరట్లో తండ్రి తంటాలు పడుతున్నాడు. "ఇంత బిగిస్తే చర్మం కమిలిపోతుందేమో పహిల్వాన్. కాస్త వదులు చెయ్యనా?"

"నాన్నా, నువ్వు కూడా అమ్మలాగా తయారవకు," అంది కూతురు విసుగ్గా.

కసురుకుంటేనేం... ఎనిమిది రోజులకు ఆ నోట అమ్మ అన్న మాట వచ్చింది. తలుపు చాటున ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.