పీట మీద మైకు

ఈ ఏడు చిక్కడపల్లిలో కర్ఫ్యూ పెట్టిన రెండో రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఒక పాట రికార్డు చేయాల్సి వచ్చింది. మా కుసుమక్కకి ఎల్లుండి గొంతు ఆపరేషను. తర్వాత మాట రాదని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. కాకినాడలో అక్క కూతురు కడుపుతో ఉంది. మా అమ్మ నేర్పిన లాలిపాట ఆ పుట్టబోయే బిడ్డ అక్క గొంతులోనే వినాలి. పది నిమిషాల పని అనుకున్నాను.

స్టూడియోల్లో ఉండే మైకు మనం కొనలేం. కోఠిలో కొన్న చవక మైకు, పక్క వాటాలో ఉండే బాలకిషన్ ఇచ్చిన టేపు రికార్డరు, మా ముందు గది. అవే మాకున్నవి. బాలకిషన్‌కి నారాయణగూడలో రేడియో రిపేరు కొట్టు. కర్ఫ్యూ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు.

మైకు చేత్తో పట్టుకుంటే గరగర. స్టూలు మీద పెడితే బిందెలో మూతిపెట్టి పాడినట్టు గదంతా మోత. దగ్గరికి జరిపితే అక్క ఊపిరి ఈదురుగాలిలా పడింది. మాట్లాడటమే కష్టంగా ఉన్న మనిషి చేత నాలుగుసార్లు పాడించి, నాలుగుసార్లూ చెరిపాను. మైకు విసిరికొట్టాలన్నంత చిరాకు వచ్చింది.

“దాన్ని నిలవెట్టకున్రి అక్కా, పండవెట్టున్రి,” అన్నాడు బాలకిషన్, గుమ్మంలోంచి. “నున్నటి చెక్క ఒకటి నేలకానిచ్చి, దాని మీద పెట్టున్రి. గదిల చప్పుడంత సాఫ్‌గ వస్తది. నేలంత చెవి అయితది.”

“నేలకి చెవులొచ్చినా కొమ్ములొచ్చినా నాకు పాట కావాలి నాయనా,” అని, కాళ్ళు ఊడిన భోజనాల పీట తెచ్చి అక్క ఎదురుగా షాబాదు బండల మీద వేశాను. మైకుని దానిమీద పడుకోబెట్టాను.

ఎదురుగా పీట పడగానే అక్క నిటారుగా సర్దుకు కూచుంది. ముప్పయ్యేళ్ళు పిల్లలకి సంగీతం చెప్పిన మనిషి. ఒక వరుస పాడుతుంది, ఆగుతుంది, పీట మీది పిల్ల తిరిగి అన్నాక రెండో వరుస ఎత్తుకుంటుంది. ఇప్పుడూ అలాగే ఆగింది.

“ఆపకుండా పాడవే అక్కా! ఎదురుగా ఎవరున్నారని?”

“అలవాటే రత్నం. ఆగకపోతే రెండో వరుస నోటికి రావడం లేదు.”

టేపు తిప్పి విన్నాం. బాలకిషన్ చెప్పింది నిజమే. గోడ మీద కేలండరు రెపరెప, నా గాజులు, అక్క తొడ మీద వేసే తాళం, అన్నీ విడివిడిగా వినిపించాయి. వీధిలో రిక్షా గంట కూడా లేని మధ్యాహ్నం. అక్క ఆగిన చోట మాత్రం... ఎవరో ఊపిరి పీల్చారు. పాడబోయే ముందు పీల్చే ఊపిరి.

“నాది కాదు,” అంది అక్క.

“అయితే నాదా?” అని కసిరి, ఆరోసారి నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. ఈసారి అక్క ఆగిన చోటల్లా సన్నగా కూనిరాగం ఉంది.

“పాత టేపు అక్కా. ముందు ఎవరో పాడింది మంచిగ చెరగలే. జర పరేషాన్ కాకున్రి,” అంటూ బాలకిషన్ తన వాటాలోంచి కొత్త టేపు చుట్ట తెచ్చాడు. సీలు నా ఎదుటే తీశాడు.

ఏడోసారి, కొత్త టేపు మీద, ఆ ఖాళీలో ఎవరో మాటలతో సహా పాడారు. నెమ్మదిగా... కూడబలుక్కుంటూ. మండుటెండల్లో, గదిలో తడి బండ వాసన వేసింది.

“బంద్ చెయ్యున్రి అక్కా,” అని గొణిగాడు బాలకిషన్.

ఎలా బంద్ చేస్తాను? ఎల్లుండి ఆపరేషను. ఒక్కసారైనా పాట శుభ్రంగా రాలేదు. నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

అక్క పీట వైపు వంగింది. “గాంధారం కిందికి జారుతోంది,” అంది మెల్లగా. నాతో కాదు. “మళ్ళీ అను.”

ఎనిమిదోసారి నేను గదిలోనే కూచున్నాను. అక్క పాడింది. చెవులారా విన్నాను. ఆగింది. గదిలో చప్పుడు లేదు. అక్క తల ఊపింది... పిల్ల సరిగ్గా అన్నప్పుడు ఊపినట్టు.

టేపు తిప్పాం.

తాళం ఉంది. నా గాజులు ఉన్నాయి. అక్క పాడిన చోట... ఏమీ లేదు. అక్క ఆగిన చోట పాట ఉంది. గాంధారం ఉండాల్సిన చోటే ఉంది.

గొంతు అక్కది.

“దానికి పాట వచ్చేసింది,” అంది అక్క. ఆ మాట సగం గాలే.

ఆ టేపునే కాకినాడ పంపాను. వేరే ఏముంది పంపడానికి? ఖాళీలు కత్తిరించి అతికించింది బాలకిషనే, నా మొహం చూడకుండా. అమ్మ గొంతు ఎంత బాగా వచ్చిందో అని అక్క కూతురు ఉత్తరం రాసింది.

ఆపరేషను అయింది. టేపు రికార్డరు తిరిగి ఇచ్చేశాను. పీట అటక మీద, పాత పెట్టెల వెనక పడేశాను.

నిన్న మధ్యాహ్నం వంటింట్లో ఉండగా ముందు గదిలోంచి అక్క గొంతుతో లాలి వినిపించింది. మొదటి వరుస. వెళ్ళి చూశాను. బండల మీద పీట వేసి ఉంది. నిచ్చెన లేకుండా ఆ అటక నాకే అందదు. అక్క పీట మీద కూచుని ఉంది, శిష్యురాలు కూచునే వైపు, నోరు మూసుకుని. ఎదురుగా ఎవరూ లేరు. వరుస అయింది. పాట ఆగింది... తిరిగి అనడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు.

అక్క అనలేదు. ఎలా అంటుంది?

తలతిప్పి నన్ను చూసింది. లేచింది. పీటని కాలితో నావైపు జరిపింది.

నేను కూచోలేదు. నాకు సంగీతం రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. కానీ నేను తిరిగి అనేదాకా ఆగినట్టు, రెండో వరుస ఇంతవరకూ మొదలవలేదు.

ఇవాళ పొద్దున పాలవాణ్ణి పిలవబోతే... నా గొంతు బొంగురుగా ఉంది.