ఆ తెరను చూసిన రెండో మనిషి

"సాయంత్రం ఐదింటికి మామయ్యగారు పోలీసు ఫిర్యాదు మీద సంతకం పెడతారండీ. దొంగ అని నా పేరే రాశారు."

కుర్చీ అంచున కూర్చుని చెప్పింది ఆ అమ్మాయి. లిఫ్టులను నడిపే ప్రోగ్రాములు రాసే ఒక కుటుంబ సంస్థకు ఆమె చిన్నకోడలు. సంస్థ కోడ్ అంతా భద్రపరిచే రిపాజిటరీలను చూసుకునేది ఆమే. బయటి యాప్ ఏదైనా వాటిని ముట్టుకోవాలంటే ఆమె అనుమతి ఇవ్వాలి. అలా అనుమతి పొందిన ఒక యాప్ గుండానే నలభై రిపాజిటరీల కోడ్ పోటీ కంపెనీకి చేరిపోయింది.

పిన్నిగారు అంతా విన్నారు. ఆ డిటెక్టివ్‌ను అందరూ అలాగే పిలుస్తారు. పక్కన ఆమె గుమాస్తా పెన్సిలు చెక్కుకుంటున్నాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు రాసిన చెయ్యి, పిన్నిగారి బుర్ర తప్ప దేన్నీ మెచ్చుకోని నోరు ఆయనవి.

"యాప్‌ని తీసేశారా?" పిన్నిగారు అడిగారు.

"తీసేశానండీ. అక్షరదోషాలు దిద్దే యాప్ అది. ప్రోగ్రాములు పరీక్షించే మా టెస్టింగ్ మాష్టారు అడిగారు, ఒక్క రిపాజిటరీకి చాలన్నారు. అనుమతులు నమోదయ్యే లాగ్‌లో చూస్తే అన్నిటికీ ఇచ్చినట్టుంది. సోమవారం పదకొండుంబావుకి, నా కంప్యూటర్లోనే."

"నొక్కింది నువ్వేనా?"

"నేనే."

"చదివే నొక్కావా?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "చదివే నొక్కానండీ."

"కళ్ళజోడు కొత్తదిలా ఉంది. పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావమ్మా?"

"ఆ సోమవారం పొద్దున్నే. బావగారే డాక్టర్ దగ్గర టైం తీసుకుని, కార్లో దింపారు."

మూడింటికి సంస్థకు వెళ్ళారు. మాష్టారు మండిపడ్డాడు. "ఒక్కదానికే అడిగానండీ! వచ్చే నెల నన్ను ఇంటికి పంపేస్తున్నారు కదా, నేనే అమ్ముకున్నానంటారా?" ఆ మాటలన్నీ రాసుకుంటూ గుమాస్తా, దొంగ దొరికినట్టే తలాడించాడు.

మామగారైన పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "ఆ అనుమతుల పేజీ తెరుచుకునేది నాకూ, చిన్నకోడలికీ మాత్రమే. నేను జన్మలో తెరవలేదు."

ఆయన పెద్దకొడుకు మాత్రం మరదలి మీద జాలిపడ్డాడు. "నాకు అమ్మకాలే తెలుసండీ, కోడ్ అంటే ఆమడ దూరం. సోమవారం మరదల్ని డాక్టర్ దగ్గర దింపి, నేరుగా ఊరవతల క్లయింటు దగ్గరికి పోయాను. పాపం, దొంగతనం కాకపోవచ్చు. ఆ పేజీలో టిక్కు గుర్తు ముందుగానే 'అన్నీ' మీద ఉంటుంది, మార్చడం మర్చిపోయుంటుంది."

నాలుగూ నలభైకి పిన్నిగారు అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టారు. బల్ల మీద ఫిర్యాదు కాగితం ఉంది.

"కంటి పరీక్షకు చుక్కలు వేస్తారు. కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. పదకొండుంబావుకి ఈ అమ్మాయి ఆ తెర మీద ఏదీ చదవలేదు. మరి నాతో అబద్ధమెందుకు చెప్పావమ్మా?"

చిన్నకోడలు ఏడ్చేసింది. "నొక్కేవాళ్ళే కళ్ళారా చదవాలని మామయ్యగారి నియమం. చదవలేదంటే ఉద్యోగం పోతుందని భయం. పైగా నాకోసం చదివిపెట్టిన మనిషిని ఇరికించడమెందుకు? ఆయన 'ఒక్కదానికే ఉంది, నొక్కు' అన్నారు. యాప్ వాళ్ళే మోసం చేశారనుకున్నాను."

"ఆ మనిషి పేరు నువ్వు చెప్పక్కర్లేదు, ఆయనే చెప్పేశాడు. 'అన్నీ' ఇచ్చారన్న సంగతి లాగ్‌లో ఉంది. ఆ గుర్తు ముందునుంచే 'అన్నీ' మీద ఉందని లాగ్‌లో లేదు. ఆ తెర చూసినవాళ్ళకే తెలుస్తుంది." పిన్నిగారు పెద్దకొడుకు వైపు తిరిగారు. "క్లయింటు దగ్గరున్న మనిషివి, కోడ్‌కి ఆమడ దూరం ఉండేవాడివి. నీకెలా తెలిసింది బాబూ?"

అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆ యాప్ బాగుంటుందని నాకు చెప్పిందీ మీరేగా పెద్దబాబూ!" మాష్టారు కేక వేశాడు.

"యాప్ చేసింది ఆ పోటీ కంపెనీ మనుషులే," అన్నారు పిన్నిగారు. "ఇందాకే కొనుగోలుదారులా వాళ్ళకి ఫోన్ చేసి కొత్త భాగస్వామి ఎవరని అడిగాను. గర్వంగా ఈయన పేరే చెప్పారు."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," గొణిగాడు గుమాస్తా. "మా పిన్నిగారు పట్టారు."

"నాన్నా, ఈ సంస్థలో నాకేం మిగిల్చావు? అంతా చిన్నవాడికీ, వాడి పెళ్ళానికీనా?" పెద్దకొడుకు అరిచాడు.

తండ్రి ఫిర్యాదు కాగితం దగ్గరికి లాక్కుని, కోడలి పేరు కొట్టేశాడు.

"మామయ్యగారూ, నా తప్పు కూడా రాయండి. చదవకుండా నొక్కాను."

"అది మనింట్లో మాట్లాడుకునే తప్పు తల్లీ. నిన్ను అడక్కుండానే ఇందులో నీ పేరు రాశాను, దానికి నేనేం చెప్పుకోను?"

ఆయన కలం కాగితానికి ఆనించాడు. ఐదు దాటింది. పెద్దకొడుక్కి తాను పెట్టిన పేరే అయినా, ఆ రెండక్షరాలు రాయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.